ఊపిరితిత్తుల క్యాన్సర్ - గడ్డలోకి చేరలేని రక్షక కణాలు

తెల్ల రక్తకణాలు శరీరాన్ని కాపాడే సైనికులని మనమందరం పాఠాల్లో చదువుకున్నాం. మరి ఇంత సైన్యం ఉండగా ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డ ఎలా పెరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుందాం.

ఈ సైన్యంలో టి-కణాలు ముఖ్యమైనవి. ఇవి చెడిన కణాలను గుర్తించి చంపుతాయి. కానీ అందుకు ముందు గడ్డ లోపలికి చేరాలి. క్యాన్సర్ కణాలు వాటిని మూడు విధాలుగా అడ్డుకుంటాయి.

1. పిలుపు అందకుండా చేయడం: టి-కణాలను రప్పించే రసాయన సంకేతాలను కీమోకైన్లు అంటారు. చాలా గడ్డల్లో సీఎక్స్‌సీఎల్-9, సీఎక్స్‌సీఎల్-10 అనే కీమోకైన్లు తగ్గిపోతాయి. ఎస్‌టీకే-11 అనే జన్యువు చెడిన ఊపిరితిత్తుల క్యాన్సర్లలో టి-కణాలు తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

2. దారి మూయడం: వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ వల్ల గడ్డలో రక్తనాళాలు అస్తవ్యస్తంగా పెరుగుతాయి. టి-కణాలు వాటి గోడ దాటి బయటికి రావడం కష్టమవుతుంది. టీజీఎఫ్-బీటా అనే మరో ప్రొటీన్ గడ్డ చుట్టూ పీచు కణజాలాన్ని పెంచి, వచ్చినవాటిని అంచుల్లోనే ఆపేస్తుంది.

3. లోపలికి వచ్చినవాటిని నిద్రపుచ్చడం: క్యాన్సర్ కణంపై ఉండే పీడీ-ఎల్1, టి-కణంపై ఉండే పీడీ-1తో కలిస్తే టి-కణం పని ఆపేస్తుంది.

పీడీ-1ను 1992లో జపాన్‌లో తసుకు హోంజో బృందం కనుగొంది. ఆయనకు, జేమ్స్ ఆలిసన్‌కు కలిపి 2018లో నోబెల్ బహుమతి లభించింది. పీడీ-1ను అడ్డుకునే మందులను అమెరికాలో 2015 నుండి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడుతున్నారు. అయితే అవి అందరికీ పనిచేయవు. నిద్రపోయినవాడిని లేపవచ్చు గాని అసలు రానివాడిని ఎలా లేపుతాం? టి-కణాలు లేని గడ్డల్లోకి వాటిని రప్పించడమే నేటి పరిశోధకుల ముందున్న పని.

మిత్రులారా! మన ఇళ్లలో బీడీ, చుట్ట తాగే పెద్దలు ఎందరో ఉన్నారు. ఈ జబ్బుకు పొగాకే పెద్ద కారణం. పొగ తాగనివారికీ ఇది రావచ్చు. మన దేశంలో దీన్ని మొదట క్షయ అనుకుని నెలల తరబడి మందులు వాడినవారున్నారు. మందులు వాడుతున్నా దగ్గు తగ్గకపోయినా, కఫంలో రక్తం పడినా, మనిషి చిక్కిపోతున్నా, మందులు సొంతంగా మానకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్దాం. క్యాన్సర్ పరీక్ష కూడా చేయమని డాక్టరును అడుగుదాం. ఇంట్లో చదువుకున్నవాళ్లం మనమే కాబట్టి, ఆ మాట అడగవలసిందీ మనమే.