1.9 పెద్దదా? 1.10 పెద్దదా?



మా బాపు బోధన్ దగ్గర చెరుకు నరికే కూలీ. మా ఇంట్లో డిగ్రీ చదివినవారిలో నేనే మొదటివాణ్ణి. ఎం.సి.ఏ. అయ్యాక హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకి వెళ్లాను. "1.9, 1.10 వెర్షన్లలో ఏది కొత్తది?" అని అడిగారు. లెక్కల్లో 1.9 పెద్దది కదా, అదే చెప్పాను. ఉద్యోగం రాలేదు. మీకు అలా జరగకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

వెర్షన్ నెంబరులోని చుక్క దశాంశ బిందువు కాదు. చుక్కకు అటూ ఇటూ ఉన్న సంఖ్యలను విడివిడిగా పోల్చాలి. మొదటివి రెండూ 1, సమానం. తర్వాత 9 కంటే 10 పెద్దది. కనుక 1.10 కొత్తది. మన హాజరు పట్టీలో 9 తర్వాత 10 వచ్చినట్లే.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టం ఒకే ముద్ద కాదు, వేల ప్యాకేజీల కూర్పు. అందులో ముఖ్యమైనది డెబియన్. తెలుగులో వచ్చిన 'స్వేచ్ఛ' కూడా దాని ఆధారంగా తయారైనదే. డెబియన్‌లో ఒక ప్యాకేజీ నెంబరు చూడండి: 2:1.0.3-7. మధ్యలోని 1.0.3 అసలు ప్రోగ్రాం రాసినవారు ఇచ్చినది. చివరి 7, డెబియన్ వారు దాన్ని ఎన్నోసారి సవరించి ప్యాక్ చేశారో చెబుతుంది. మరి ముందున్న 2 ఏమిటి?

ఇది తెరపై బొమ్మలు చూపే 'ఎక్స్' సాఫ్ట్‌వేర్‌లోని ఒక లైబ్రరీ. పూర్వం ఎక్స్ అంతా ఒకే మూట. లోపలి భాగాలన్నిటికీ మూట నెంబరే. 2005 జూన్‌లో వచ్చిన డెబియన్ 3.1లో ఈ లైబ్రరీ నెంబరు 4.3.0. ఒక్క భాగంలో తప్పు దిద్దినా మూటంతా మళ్లీ విడుదల చేయాల్సి వచ్చేది. అందుకని ఎక్స్.ఆర్గ్ వారు 2005 డిసెంబరులో 7.0 విడుదలతో భాగాలను విడదీశారు. ప్రతి భాగానికి సొంత నెంబరు వచ్చింది. ఈ లైబ్రరీకి 1.0 వచ్చింది.

ఇక్కడే చిక్కు. 4.3.0 కంటే 1.0.3 చిన్నది కనుక, కొత్తదాన్ని కంప్యూటర్ పాతదనుకుంటుంది. అందుకే 2007 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 4.0లో దీని ముందు "2:" ఉంది. దీన్ని 'ఎపోక్' అంటారు. కంప్యూటర్ మొదట దీన్నే చూస్తుంది. ఎపోక్ రాయకపోతే సున్నా అని అర్థం.

జూన్‌లో వార్డెన్ సార్ కొత్త రిజిస్టర్ తెరుస్తారు కదా! పాత రిజిస్టర్‌లోని 60వ పేరు కంటే కొత్త రిజిస్టర్‌లోని 1వ పేరే తర్వాతిది. ముందు రిజిస్టర్ చూడాలి, తర్వాతే నెంబరు. అయితే ఒకసారి పెట్టిన ఎపోక్‌ను మళ్లీ తీయలేం. తీస్తే పాత చిక్కే వస్తుంది. కాబట్టి తప్పనిసరైతేనే వాడాలి.

ఇప్పుడు మీరు చెప్పండి: 3.0, 2.15, 1:1.2 వీటిలో ఏది కొత్తది? 1:1.2 అన్నవారు పాసైనట్లే.

తమ్ముళ్లారా, ఆ రోజు నాకు తెలివి లేక కాదు, చెప్పేవారు లేక ఓడిపోయాను. మీకు చెప్పడానికి మేమున్నాం. అడగడానికి సిగ్గుపడకండి.