షుగరు, గుండె జబ్బు ఉన్నవారు రక్తపరీక్ష రిపోర్టులో ఏం చూడాలి?

ఖైరతాబాద్ నుంచి పంజాగుట్ట మీదుగా అమీర్‌పేట వెళ్ళే దారిలో నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రితో పాటు రక్తపరీక్షల కేంద్రాలు అడుగడుగునా కనబడతాయి. ఫుల్ బాడీ చెకప్ అనే పేరుతో పదుల కొద్దీ పరీక్షలు ఒకేసారి చేసి ఇస్తారు. ఆ రిపోర్టులో నల్లగా అచ్చువేసిన అంకెలు చూసి భయపడేవారు కొందరు. పరగడుపు షుగరు ఒక్కటి చూసుకుని మిగతా కాగితాలు మడిచి సంచిలో పెట్టేవారు ఇంకొందరు. నిజానికి షుగరు, గుండె జబ్బు రెండూ ఉన్న మనిషికి ప్రాణాపాయం ఎంత ఉన్నదో చెప్పే అంకెలు అందులో కొన్నే. వాటిలో ముఖ్యమైనవి తక్కువ ఖర్చుతో అయ్యేవే.

ఇది పట్నంవారి జబ్బు అనుకోవద్దు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో, 2004 అక్టోబరు వరకు ఒక సంవత్సర కాలంలో జరిగిన 1354 మరణాలకు కారణాలు విచారించారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అంటురోగాల వల్ల పోయినవారు నూటికి 12 మంది. పల్లెల్లోనే పరిస్థితి ఇలా ఉంది.

మొదట షుగరు సంగతి చూద్దాం. “డాక్టరుగారూ, షుగరు 110కి వచ్చింది, ఇక మాత్రలు మానేయొచ్చా?” అని చాలామంది అడుగుతారు. పరగడుపు షుగరు ఆ ఒక్క పూట సంగతే చెబుతుంది. ముందు రెండు రోజులు పథ్యం చేసి వస్తే తగ్గి కనబడుతుంది. హెచ్.బి.ఎ.1.సి. పరీక్షను అలా బోల్తా కొట్టించలేము. రక్తంలోని చక్కెర ఎర్రకణాలలోని హీమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, ఈ అంకె గత రెండు మూడు నెలల సరాసరిని చూపిస్తుంది. బ్రిటన్‌లో షుగరు రోగులను ఏళ్ళ తరబడి గమనించి 2000 సంవత్సరంలో వెలువరించిన లెక్క ప్రకారం, ఈ అంకె ఒక శాతం తక్కువ ఉన్నవారిలో షుగరు వ్యాధికి సంబంధించిన మరణాలు 21 శాతం తక్కువగా ఉన్నాయి.

అయితే ఎంత తగ్గిస్తే అంత మంచిదా? కాదు. అమెరికా, కెనడాలలో 10,251 మందిపై జరిగిన అకార్డ్ పరిశోధనలో సగం మందికి ఈ అంకెను 6 కంటే కిందకు దించాలని గట్టిగా మందులు ఇచ్చారు. వారిలో 257 మంది, మామూలు వైద్యం పొందినవారిలో 203 మంది చనిపోయారు. అందువల్ల 2008లో ఆ తీవ్ర వైద్యాన్ని మధ్యలోనే ఆపవలసి వచ్చింది. కనుక వయసు మళ్ళి, గుండె జబ్బు కూడా ఉన్నవారికి 7, 8 మధ్య ఉన్నా చాలునని డాక్టరు అంటే, అది అశ్రద్ధ కాదు. పక్కింటివారికి 6 వచ్చిందని మీరు మాత్రలు పెంచుకోకండి. ఇంకొక మాట. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉంటే ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనబడవచ్చు. మన ఆడవారిలో రక్తహీనత ఎక్కువ కదా, హీమోగ్లోబిన్ కూడా పక్కనే చూడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అందరూ దాటవేసే అంకె క్రియాటినిన్. దీని వెనుక ఉన్న పదార్థాన్ని బయటపెట్టినవారిలో ఒకరు మన తెలుగువారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతితోనే 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నదని చూపారు. కండరానికి అప్పటికప్పుడు శక్తినిచ్చేది అదే. కండరాలలోని ఈ నిల్వలో రోజూ కొద్ది భాగం క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. దానిని వడగట్టి బయటికి పంపడం మూత్రపిండాల పని. వడపోత మందగిస్తే అది రక్తంలో పేరుకుంటుంది.

కండరాన్నిబట్టి వచ్చేది కాబట్టి ఒకే అంకె అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. 25 ఏళ్ళ యువకుడికి క్రియాటినిన్ 1.1 ఉంటే అతని మూత్రపిండాల వడపోత లెక్క సుమారు 95 వస్తుంది. 70 ఏళ్ళ అవ్వకు అదే 1.1 ఉంటే లెక్క 54 మాత్రమే. రిపోర్టులో ఇద్దరికీ ‘నార్మల్’ అనే రాసి ఉండవచ్చు! వయసు, స్త్రీ పురుష భేదం కలిపి వేసే ఈ లెక్కను ఇ.జి.ఎఫ్.ఆర్. అంటారు. మూడు నెలలకు పైగా అది 60 కంటే తక్కువగా ఉంటే మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు లెక్క. రిపోర్టులో అది రాయకపోతే డాక్టరును అడిగి వేయించుకోండి.

దీనికి జంటగా చేయవలసినది మూత్రంలో అల్బుమిన్ పరీక్ష. ఇది రక్తపరీక్ష కాకపోయినా దీనిని వదలకూడదు. పలు దేశాలలో పది లక్షలకు పైబడిన మనుషుల వివరాలు కలిపి చూసి 2010లో ఒక సంగతి తేల్చారు. వడపోత 60 కంటే తగ్గినా, మూత్రంలో అల్బుమిన్ పెరిగినా, దేనికది విడిగానే మరణాల ముప్పును పెంచుతుంది. షుగరు ఉన్నవారిలోనూ ఇది ఇలాగే ఉన్నదని 2012లో చూపారు. మూత్రపిండం చెడితే గుండెకు ఏమిటి సంబంధం అంటారేమో. మూత్రపిండం అంటేనే సన్నని రక్తనాళాల ముద్ద. అక్కడ నాళాల లోపలి పొర కారుతున్నదంటే, గుండె నాళాలలోని పొర కూడా దెబ్బతింటూ ఉండవచ్చు.

ఈ అంకె తెలియకపోతే జరిగే నష్టం మన ఇళ్ళల్లోనే కనబడుతుంది. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు కొని నెలల తరబడి మింగేవారు ఎందరో. వడపోత తగ్గినవారికి అవి విషంతో సమానం. మెట్‌ఫార్మిన్ మంచి మందే, కానీ వడపోత 30 కంటే తగ్గితే ఆపాలి. యాంజియోగ్రామ్‌కు ముందు క్రియాటినిన్ చూసేది కూడా ఇందుకే.

ఇక కొలెస్ట్రాల్ గురించి ఒక్క మాట చాలు. రిపోర్టులో ఎల్.డి.ఎల్. ఎదురుగా ‘100 లోపు నార్మల్’ అని ఉంటుంది. అది ఆరోగ్యవంతుల కొలత. గుండెపోటు వచ్చినవారికి 55 కంటే తక్కువ ఉండాలన్నది ఇప్పటి మన దేశపు గుండె వైద్యుల మాట. 90 వచ్చిందని స్టాటిన్ మాత్ర మానేయకూడదు.

ట్రోపోనిన్ అనగానే గుండెపోటు గుర్తొస్తుంది. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ఇది. సూక్ష్మంగా కొలిచే కొత్త పద్ధతిలో, ఏ నొప్పీ లేని షుగరు రోగులలో కూడా ఇది కొంచెం పెరిగి కనబడుతున్నది. షుగరు, నిలకడగా ఉన్న గుండె జబ్బు రెండూ ఉన్న 2285 మందిని గమనించి 2015లో ప్రకటించిన ఫలితం ఇది: ట్రోపోనిన్ పెరిగినవారిలో ఐదేళ్ళలో నూటికి 27 మందికి గుండె జబ్బుతో మరణమో, గుండెపోటో, పక్షవాతమో వచ్చింది. పెరగనివారిలో నూటికి 13 మందికే వచ్చింది. మరి పెరిగినవారికి వెంటనే స్టెంటో, బైపాసో చేస్తే ముప్పు తగ్గిందా? చెప్పుకోదగినంత తగ్గలేదు. కనుక ఏ ఇబ్బందీ లేనప్పుడు ప్యాకేజీలో ఈ పరీక్ష చేయించి, ఆ అంకె పట్టుకుని అప్పుచేసి ఆపరేషన్‌కు పరుగెత్తడం తగదు. ఖరీదైన ఏ పరీక్షకైనా ముందు “ఇది ఎక్కువ వస్తే మనం ఏం చేస్తాం?” అని డాక్టరును అడగండి. ఆయాసం, కాళ్ళవాపు ఉన్నవారికి ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. పరీక్ష ఉపయోగపడుతుంది, ఎందుకంటే గుండె నీరసించిందని తేలితే ఇవ్వడానికి మంచి మందులున్నాయి.

మందుల మాట వచ్చింది కాబట్టి ఒక మంచి కబురు. షుగరు, గుండె జబ్బు రెండూ ఉన్న ఏడు వేల మందిపై ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రను పరీక్షించి 2015లో ఫలితం ప్రకటించారు. గుండె జబ్బుతో మరణాలు 38 శాతం తగ్గాయి. మూత్రపిండాలకూ మేలే జరిగింది. 2025 మార్చిలో పేటెంటు గడువు ముగిశాక మన దేశంలో పలు కంపెనీలు దీనిని చవకగా అమ్ముతున్నాయి. ఇది అందరికీ పనికిరాదు. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు, ఉపవాసం ఉన్నప్పుడు ఆపవలసి ఉంటుంది. కనుక డాక్టరు చెప్పకుండా కొనుక్కోవద్దు.

ఒక నోటు పుస్తకంలో తేదీవారీగా ఎ.1.సి., క్రియాటినిన్, ఇ.జి.ఎఫ్.ఆర్., మూత్రంలో అల్బుమిన్, ఎల్.డి.ఎల్. రాసి ఉంచుకోండి. ఒక్కరోజు అంకె కంటే, ఏడాదిలో అది ఎటు నడిచిందనేది డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల అట్టలు కూడా తెచ్చుకోండి.

షుగరు ఉన్నవారికి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా కూడా వస్తుంది. ఉన్నట్టుండి చల్లని చెమటలు, ఆయాసం, విపరీతమైన నీరసం కలిగితే తెల్లవారాక రక్తపరీక్ష చేయిద్దామని ఆగవద్దు. 108కి ఫోన్ చేసి, ఇ.సి.జి. తీసే క్యాజువాల్టీ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెంటనే వెళ్ళండి.