పాత పేరుతో కొత్త వాద్యం: కొనే ముందు పిల్లలతో కలిసి ఒక పాఠం



పిల్లలను సంగీతం క్లాసులో చేర్చగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న "ఏ బ్రాండ్ కొందాం?" అనే. పాత పేరున్న బ్రాండ్ కనిపిస్తే మనకు ధైర్యం. కానీ ఆ పేరు నిజంగా దేనికి హామీ ఇస్తుంది? ఈ నెల పాఠం దాని గురించే. 8, 9 తరగతుల పిల్లలతో కలిసి చదవండి.

కంపెనీ చేతిలోని పేరు

శాక్సోఫోన్‌కు బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ శాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్నారు. దాన్ని మన కర్ణాటక సంగీత కచేరీల్లో నిలబెట్టినవారు కద్రి గోపాల్‌నాథ్. గమకాలు పలికేందుకు వీలుగా ఆయన వాద్యంలో మార్పులు కూడా చేయించుకున్నారు.

అమెరికాలో స్కూల్ బ్యాండ్ పిల్లల కోసం సెల్మర్ సంస్థ 'బండీ' పేరుతో శాక్సోఫోన్లు అమ్మేది. ఇది మన ఎడ్ల బండి కాదండోయ్! అక్కడి సెల్మర్ వ్యాపారాన్ని నడిపిన జార్జ్ బండీ ఇంటిపేరు. కొంతకాలం కనుమరుగైన ఆ పేరు తర్వాత కొత్త మోడళ్ళ మీద మళ్ళీ వచ్చింది. పేరు అదే, వాద్యం మాత్రం వేరు. ఇందులో మోసం లేదు. ట్రేడ్‌మార్క్ అంటే కంపెనీ ఆస్తి. దాన్ని అమ్మవచ్చు, కొనవచ్చు, వేరే ఫ్యాక్టరీలో తయారైన వస్తువు మీద వేయవచ్చు. అందుకే పాత బండీ మీద విన్న మెప్పు కొత్తదానికి దానంతట అదే వర్తించదు.

ఊరి చేతిలోని పేరు

ఇప్పుడు మన విజయనగరం జిల్లాకు వద్దాం. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ అక్కడి ప్రత్యేకత. వీణ నేర్చుకునేవారు తగ్గడం, మంచి పనస కర్ర దొరకడం కష్టం కావడం ఈ పనికి దెబ్బ తగిలించాయి. జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న వీణలు అక్కడి కళాకారులకు ఆసరా అయ్యాయి.

బొబ్బిలి వీణకు జీఐ ట్యాగ్, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. 1999లో చేసిన జీఐ చట్టం 2003లో అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రేషన్ 10 ఏళ్ళు చెల్లుతుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు. ట్రేడ్‌మార్క్‌కూ దీనికీ అసలు తేడా ఇదే: జీఐ పేరును ఎవరికీ అమ్మడానికి, రాసివ్వడానికి వీల్లేదు. అది ఆ ఊరికీ, ఆ పనికీ కట్టుబడి ఉంటుంది. వేరే చోట చేసిన వీణను ఆ పేరుతో అమ్మితే చట్టప్రకారం తప్పు. నష్టపోయేది కొన్నవారు ఒక్కరే కాదు, గొల్లపల్లిలో ఉలి పట్టుకున్న మనిషి కూడా.

అయితే జీఐ ట్యాగ్ కూడా "ఈ వీణ శ్రుతిలో పలుకుతుంది" అని చెప్పదు. అది మనమే చూసుకోవాలి.

కొనే ముందు

1. షోకేసులో పెట్టే జ్ఞాపికా, వాయించే వాద్యమా అని ముందే అడగండి. వాయించే వీణకు 24 మెట్లు, 4 వాయించే తీగలు, 3 తాళం తీగలు ఉండాలి.

2. వాద్యాన్ని టీచర్ చేత వాయించి చూపించమనండి. వీణలో మెట్లు మైనంలో సరిగ్గా కుదిరాయా, శాక్సోఫోన్‌లో ప్యాడ్ల దగ్గర గాలి పోతోందా అన్నది వారికి వెంటనే తెలుస్తుంది.

3. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, రిపేరు ఎవరు చేస్తారు అని అడగండి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని దుకాణంలో తొందరపడవద్దు.

4. పిల్లల చేతికి, ఒడికి వాద్యం సరిపోతుందో లేదో కూర్చోబెట్టి చూడండి. పిల్లలు చేతిలోకి తీసుకోని వాద్యానికి ఎంత పేరున్నా లాభం లేదు.

ఇంట్లో యాక్టివిటీ

ఈ ఆదివారం ఇంట్లోని ఐదు వస్తువుల పేర్లు రాయించండి. ఏది కంపెనీ పేరు, ఏది ఊరి పేరు? పోచంపల్లి చీర, కొండపల్లి బొమ్మ లాంటివి ఏ వైపు వస్తాయో పిల్లలనే చెప్పనివ్వండి. ప్రతి పేరు పక్కన ఒక ప్రశ్న రాయించండి: "దీన్ని నిజంగా ఎవరు చేశారు?" జవాబు దొరకని పేర్లు ఎన్నో లెక్కపెట్టి, ఆ కాగితాన్ని క్లాసుకు పంపండి. అందరం కలిసి వెతుకుదాం.