గట్టుమీది చెట్టు – పైరునకు కాపు

సూర్యాపేట చెఱువుల క్రిందను, కోదాడ, మిర్యాలగూడలందు సాగరు ఎడమకాలువ క్రిందను వరియే మనకు ముఖ్యమైన పైరు. దానికి ఎలుక పరమశత్రువు. గట్టుచెట్ల తొఱ్ఱలలోని గుడ్లగూబలు రాత్రియందును, పొదలలోని జెఱ్ఱిపోతులు పగటియందును ఎలుకలను తినును. గుడ్లగూబ అపశకునమని తఱుముటయు, విషములేని జెఱ్ఱిపోతును చంపుటయు మనకే నష్టము. చెట్లు నఱకి పొదలు కాల్చినచో ఈ కావలి పోవును. ఎలుకల మందు ఖర్చు మనపై పడును.

తిరుపతి జిల్లా నేలపట్టు చెఱువును 1976లో పక్షుల రక్షితస్థలముగ ప్రకటించిరి. అచట చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. వాని రెట్ట కలసిన చెఱువునీరు పొలములకు ఎరువగుచున్నది.

కావున సభ్యులెల్లరు గట్లమీది పాతచెట్లను నిలుపవలెనని కోరుచున్నాము.