మొలలని తేల్చే ముందు

కార్వాన్, హైదరాబాద్

బిడ్డా,

హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్‌లో కౌన్సిలింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టగానే మంచి ప్రశ్న అడిగావు. మందులు తప్పకుండా వేసుకుంటూ, రక్తంలో హెచ్ఐవీ కనబడని స్థాయికి చేరిన మనిషికి మలద్వార క్యాన్సర్ ఎందుకు రావాలి? ఫోన్‌లో చెప్పి ముగించే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

ఇందులో వైరస్‌లు రెండు. 2008లో వైద్య నోబెల్ బహుమతిని ఆ రెండింటి మీద పనిచేసినవాళ్లే పంచుకున్నారు. సగం జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వెనుక ఉన్నది హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ అని తేల్చింది ఆయన. మిగతా సగం హెచ్ఐవీని కనుగొన్న ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఫ్రాంస్వాజ్ బారె సినూసీ, లూక్ మాంటనియేలది. మలద్వార క్యాన్సర్లలో నూటికి తొంభై దాకా ఈ హెచ్‌పీవీ వల్ల వచ్చేవే. అందులోనూ ముఖ్యంగా 16వ రకం.

హెచ్‌పీవీ చాలామందికి సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో ఒంట్లోని రక్షణ శక్తే దాన్ని అణిచేస్తుంది. హెచ్ఐవీ దెబ్బతీసేది సరిగ్గా ఆ శక్తినే. అప్పుడు హెచ్‌పీవీ పోకుండా చర్మకణాల్లో తిష్ఠ వేసి, ఏళ్ల తరబడి వాటిని మార్చుకుంటూ వస్తుంది. ఏఆర్టీ మందులు హెచ్ఐవీని కట్టడి చేస్తాయి, ఆ రక్షణ శక్తికి ముఖ్యమైన సీడీ4 కణాలను మళ్లీ పెంచుతాయి. కానీ మందులు మొదలుకాకముందు సీడీ4 బాగా పడిపోయిన కాలంలో జరిగిన నష్టం మొత్తం వెనక్కి రాదు.

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్టీ ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్ 1న. అంతకుముందు చాలామంది క్షయతోనో, మరో ఇన్ఫెక్షన్‌తోనో వెళ్లిపోయారు. ఇంత నెమ్మదిగా వచ్చే క్యాన్సర్‌ను చూసేంత ఆయుష్షు వాళ్లకు దక్కలేదు. సీడీ4 అడుగంటాక మందులు అందుకుని బతికి బయటపడ్డవాళ్లు ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో ఉన్నారు. నీ ముందు కూర్చునేవాళ్లలో వీళ్లే ఎక్కువగా ఉంటారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మూడు లక్షల పైన, తెలంగాణలో లక్షన్నర పైన హెచ్ఐవీతో జీవిస్తున్నారు.

ఇక లెక్కలు. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా వంటి చోట్ల జరిగిన అధ్యయనాలను కలిపి 2021లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. లక్షమందిని ఏడాదిపాటు గమనిస్తే మామూలు జనంలో ఒకరికో ఇద్దరికో ఈ క్యాన్సర్ కనబడుతుంది. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లలో 22 మందికి, మగవాళ్లతో సంబంధం లేని మగవాళ్లలో 32 మందికి, మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లలో 85 మందికి. ఎవరికీ 85 అన్న అంకె ఒక్కటే చెప్పి భయపెట్టకు. ఆ ఏడాది మిగతా 99,915 మందికి ఈ క్యాన్సర్ రాలేదని కూడా చెప్పు.

ఆడవాళ్ల అంకె దగ్గర ఒక్క క్షణం ఆగు. ఈ జబ్బు పేరు వినగానే రోగి నడవడిక మీద అనుమానపడేవాళ్లు ఆసుపత్రుల్లో కూడా ఉన్నారు. హెచ్‌పీవీ చర్మానికి చర్మం తగిలితే చాలు సోకుతుంది. జననాంగాల దగ్గర నుంచి మలద్వారానికి పాకుతుంది. గర్భాశయ ముఖద్వారంలోనో, యోని పెదవుల మీదో ఇలాంటి మార్పులు వచ్చిన ఆడవాళ్లకు మలద్వారంలో కూడా ప్రమాదం ఎక్కువే. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకూ అంతే. బీడీ, సిగరెట్ ప్రమాదాన్ని ఇంకా పెంచుతాయి. కాబట్టి “ఎలా వచ్చింది?” అని ఎవరినీ అడగొద్దు. ఆ జవాబుతో వైద్యం మారదు. ఆ ప్రశ్నకు భయపడి మనిషి మళ్లీ రాకుండా పోతాడు.

అసలు చిక్కు లక్షణాల దగ్గర ఉంది. రక్తం పడటం, దురద, నొప్పి, ఏదో గడ్డలా తగలడం, గజ్జల్లో బిళ్లలు. ఒక్కోసారి ఏ లక్షణమూ ఉండదు. పాతబస్తీలో ఎవరైనా సరే మలద్వారం దగ్గర రక్తం పడితే మొలలే అనుకుంటారు, బవాసీర్ అంటారు. గోడల మీద కోత లేని వైద్యం ప్రకటన చూసి వెళ్తారు. పూత మందుతో నెలలు గడుస్తాయి. నిజానికి ఎక్కువసార్లు అవి మొలలే. కానీ హెచ్ఐవీ ఉన్న మనిషి విషయంలో చూడకుండా అలా తేల్చేయడం తప్పు.

ఆ ఆలస్యం ఖరీదు ఎంతో అమెరికా లెక్కలు చూస్తే తెలుస్తుంది. క్యాన్సర్ పుట్టిన చోటే ఉండగా పట్టుకుంటే ఐదేళ్ల తర్వాత కూడా బతికుండేవాళ్లు నూటికి ఎనభై పైమాటే. దూరపు అవయవాలకు పాకాక దొరికితే అది మూడోవంతు దగ్గరికి పడిపోతుంది.

హెచ్ఐవీ ఉంటే క్యాన్సర్ వైద్యం పనిచేయదన్న అపోహ ఇంకా వినిపిస్తుంది. ఎలిజబెత్ చియావ్ బృందం 2008లో అమెరికా మాజీ సైనికుల రికార్డులు పరిశీలించింది. మలద్వార క్యాన్సర్ వచ్చిన రెండేళ్ల తర్వాత, హెచ్ఐవీ ఉన్నవాళ్లలో నూటికి 77 మంది, లేనివాళ్లలో 75 మంది బతికి ఉన్నారు. తేడా లేనట్టే. రేడియేషన్ సాగుతున్నా ఏఆర్టీ గోలీలు ఆపకూడదని మాత్రం గట్టిగా చెప్పాలి.

ఆ వైద్యం వెనుక కథ కూడా నువ్వు తెలుసుకోవాలి. ఒకప్పుడు ఈ క్యాన్సర్ వస్తే మలద్వారాన్నే తీసేసేవాళ్లు. పొట్ట మీద రంధ్రం పెట్టి జీవితాంతం సంచి తగిలించేవాళ్లు. డెట్రాయిట్ సర్జన్ నార్మన్ నైగ్రో ఆపరేషన్‌కు ముందు గడ్డ కాస్త చిన్నదవుతుందని ముగ్గురికి రెండు మందులతో పాటు రేడియేషన్ ఇచ్చారు. తర్వాత ఇద్దరికి ఆపరేషన్ చేస్తే, తీసిన భాగంలో క్యాన్సరే లేదు. మూడో మనిషి ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు, ఆ మనిషిలోనూ క్యాన్సర్ జాడ లేకుండా పోయింది. 1974లో ఆయన ఈ సంగతి ప్రచురించారు. ఇప్పటికీ చాలామందికి ఇచ్చే మొదటి వైద్యం ఆ దారిలోదే. సంచి అంటే భయపడి ఇంట్లో కూర్చున్న మనిషికి ఈ ఒక్క కథ చెప్పినా చాలు, ఆసుపత్రి మెట్లు ఎక్కుతాడు.

క్యాన్సర్‌గా మారకముందే ఆపగలమా అన్నది చాలాకాలం తేలలేదు. జోయెల్ పాలెఫ్‌స్కీ నాయకత్వంలో అమెరికాలో జరిగిన ఆంకర్ అధ్యయనం దాన్ని తేల్చింది. హెచ్ఐవీ ఉండి, 35 ఏళ్లు దాటి, క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు ఉన్న నాలుగున్నర వేలమందిని దాదాపు రెండు సమాన జట్లు చేశారు. ఒక జట్టులో ఆ మార్పులను కాల్చడం వంటి పద్ధతులతో తొలగించారు. మరో జట్టును జాగ్రత్తగా కనిపెట్టి చూశారు. మొదటి జట్టులో 9 మందికి, రెండో జట్టులో 21 మందికి క్యాన్సర్ వచ్చింది. అంటే ముప్పు 57 శాతం తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో 2021 అక్టోబరులో అధ్యయనాన్ని ముందుగానే ఆపి, అందరికీ చికిత్స ఇవ్వాలని నిర్ణయించారు. 2024లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం హెచ్ఐవీ ఉండి, మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లకు, ట్రాన్స్ మహిళలకు 35 ఏళ్ల నుంచి, హెచ్ఐవీ ఉన్న మిగతావాళ్లకు 45 నుంచి పరీక్షలు మొదలుపెట్టాలి.

మలద్వారాన్ని పెద్దదిగా చూపించే ఆనోస్కోపీ, దానికి తర్ఫీదు పొందిన డాక్టరు అన్నిచోట్లా దొరకరు. అవి లేనిచోట కనీసం లక్షణాలు అడిగి, గ్లవ్ తొడిగిన వేలితో పరీక్ష చేయాలని ఆ మార్గదర్శకాలే చెప్తున్నాయి. దానికి యంత్రం అక్కర్లేదు, కొన్ని నిమిషాలు చాలు. మన ఆసుపత్రుల్లో అది జరగకపోవడానికి సిగ్గు తప్ప నాకు వేరే కారణం కనబడదు. డాక్టరు అడగడు, రోగి చెప్పడు. ఆ మౌనాన్ని కౌన్సిలరే ముందు మాట్లాడి తొలగించాలి.

కార్వాన్ నుంచి దారి కూడా దూరం కాదు. బేగంబజారు దాటితే ఉస్మానియా ఆసుపత్రి. రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరుతో 1955 నుంచి నడుస్తున్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. ఖర్చుకు భయపడేవాళ్లకు ఆరోగ్యశ్రీ గురించి చెప్పు. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. హెచ్ఐవీ ఉందని ఎవరైనా వైద్యం నిరాకరిస్తే, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం అది నేరుగా వివక్షే. రోగి ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టడం కూడా చట్టం ఒప్పుకోదు.

రేపటి నుంచి రిఫరల్ చీటీ రాసేటప్పుడు “పైల్స్” అని ముందే రాయకు. రక్తం ఎన్ని వారాలుగా పడుతోంది, గడ్డ చేతికి తగులుతోందా, గజ్జల్లో బిళ్లలు ఉన్నాయా, మందులు మొదలుపెట్టినప్పుడు సీడీ4 ఎంత, ఇవన్నీ రాయి. వేలి పరీక్ష చేయమని డాక్టరుకు విడిగా ఒక వాక్యం రాయి. పది రోజుల తర్వాత ఆ మనిషికి ఫోన్ చేసి, పరీక్ష జరిగిందా లేదా కనుక్కో. జరగలేదంటే మళ్లీ చీటీ రాసి పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ