మొక్కజొన్న సాళ్లు

అమెరికా దేశమున మిసిసిపీ యను రాష్ట్రము కలదు. అందు ఫారెస్ట్ అనునది ఒక చిన్న ఊరు. 1933వ సంవత్సరమున ఆ ఊరిలో ట్రిప్లెట్ అను న్యాయవాది యింట ఒక మగశిశువు జన్మించెను. అతనికి డొనాల్డ్ అని పేరిడిరి. తల్లి పుట్టినింటివారు ఆ ఊరి బ్యాంకునకు యజమానులు. కలిగిన సంసారము, బిడ్డకు ఏ లోటును లేదు.

అయినను ఆ బిడ్డ తక్కిన బిడ్డలవలె పెరుగలేదు. తల్లి నవ్వినను నవ్వడు. తండ్రి యింటికి వచ్చినను తల యెత్తి చూడడు. పేరు పెట్టి పిలిచినను పలుకడు. గిన్నెలను, చెక్కముక్కలను నేలపై గిఱ్ఱున త్రిప్పి, అవి తిరుగుచుండగా చూచి సంతోషముతో గంతులు వేయును. ఎవరైన ఆ ఆటను మాన్పించినచో పెద్దపెట్టున ఏడ్చును. ఇట్లుండియు, పసితనముననే ఒక ప్రార్థనాగీతమును, మతబోధలోని ఇరువదియైదు ప్రశ్నలను, వాని జవాబులను తప్పుపోకుండ అప్పగించుచుండెను! విన్నవారు ముక్కున వ్రేలిడుకొనిరి.

మాటలు వచ్చినవి కాని, వాని వాడుక వేఱు. తన కాలిజోడు విప్పుమని తల్లిని కోరదలచినప్పుడు, "నీ జోడు విప్పుము" అనుచుండెను. తల్లి తనతో "నీ" అని పలుకుట విని, ఆ మాటనే తిరిగి పలికెడివాడు. తండ్రి యొకనాడు, "అవును అని చెప్పిన యెడల నిన్ను భుజములపై ఎక్కించుకొందును" అనెను. అది మొదలు డొనాల్డునకు "అవును" అను మాటకు "నన్ను భుజములపై ఎక్కించుకొమ్ము" అనియే అర్థమయ్యెను. ఆ ముడి విడుటకు ఎన్నియో నెలలు పట్టెను.

ఆ కాలమున ఇట్టి పిల్లలను ఇంటికి దూరముగ ఏదేని ఆశ్రయశాలలో ఉంచి మఱచిపొండని వైద్యులు చెప్పుచుండిరి. 1937లో నాలుగేండ్లయినను నిండని డొనాల్డును తల్లిదండ్రులు అట్లే యొకచోట విడిచిరి. అక్కడ అతడు కదలక మెదలక కూర్చుండి, దేనిని పట్టించుకొనకుండెను. ఏడాది గడచిన పిమ్మట తల్లిదండ్రుల మనసు నిలువలేదు. అక్కడి అధికారి వలదనినను బిడ్డను ఇంటికి తెచ్చుకొనిరి. అది వారు చేసిన మంచిపనులలో మొదటిది.

తరువాత తండ్రి బిడ్డ నడవడిని ముప్పదిమూడు పుటల లేఖగా వ్రాయించి, బాల్టిమోర్ నగరమందలి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలోని లియో కానర్ అను పిల్లల మనోవైద్యునకు పంపెను. 1938లో కానర్ బాలుని చూచెను. అట్టి లక్షణములే గల మఱి పదిమంది పిల్లలును క్రమముగ అతని కంటబడిరి. 1943లో కానర్ పదునొకండుగురు పిల్లలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అందు మొదటివాడు డొనాల్డ్. నేడు ఆటిజము అని పిలువబడు స్థితిని స్పష్టముగ వర్ణించిన తొలి వ్యాసములలో అది ప్రసిద్ధమైనది.

కానర్ పేరు పెట్టెనేగాని మందు చెప్పలేకపోయెను. మేలు మఱియొక దిక్కునుండి వచ్చెను. 1942లో డొనాల్డును ఊరికి సుమారు పది మైళ్ల దూరమున నున్న ఒక రైతు దంపతులకడ ఉంచిరి. వారు వైద్యశాస్త్రము చదివినవారు కారు. డొనాల్డ్ ప్రతి వస్తువును కొలుచుచుండుట చూచి, వారు అతనిచే ఒక బావి త్రవ్వించి, అది ఎంత లోతైనదో చెప్పుమనిరి. చచ్చిన పక్షులను, పురుగులను ప్రోగుచేయుచుండగా, కసరక ఒక మూల చోటు చూపి అక్కడ పాతిపెట్టుమనిరి. అతడు ఒక్కొక్క దానికి గుర్తు నిలిపి పేరు వ్రాసెను. మొక్కజొన్న చేనిలో సాళ్లను మరల మరల లెక్కించుట అతనికి మిక్కిలి యిష్టము. రైతు ఆ లెక్కను మాన్పింపలేదు. చేతికి నాగలి నిచ్చి, దున్నుచు లెక్కింపుమనెను. 1945లో కానర్ చూడబోయినప్పుడు డొనాల్డ్ ఆఱు పొడవైన సాళ్లు దున్ని చూపెను. చివర గుఱ్ఱమును నేర్పుతో మరల్చిన తీరు చూచి వైద్యుడు ఆశ్చర్యపడెను.

పదునొకండుగురిలో అందఱికిని ఇట్టి భాగ్యము కలుగలేదు. పెద్ద ఆశ్రయశాలలలో చేర్పబడిన పిల్లలు తమకున్న నేర్పులను సైతము కోల్పోయిరని, 1971లో వారిని గూర్చి మరల వ్రాయుచు కానరే చింతించెను.

ఈలోపల తల్లులపై ఒక పెద్ద నింద పడెను. వారికి ప్రేమ చాలకపోవుటచేతనే బిడ్డలిట్లు అగుదురని కొందఱు పండితులు చెప్పిరి; కానర్ వ్రాతలును దానికి కొంత తావిచ్చినవి. బిడ్డకొఱకు రాత్రింబవళ్లు నిద్రమానిన తల్లికి అంతకంటె క్రూరమైన మాట యుండునా? 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్త్వవేత్త, తానును అట్టి బిడ్డకు తండ్రియైనవాడు, ఆ వాదమును గ్రంథముఖమున ఖండించెను. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో నిలిచి, వారియందు దోషము లేదని పలికెను. ఆటిజము మెదడు వికాసమునందలి భేదము. వంశానుగతమైన అంశములకు అందు పెద్ద పాలు కలదు. పెంపకము దానికి కారణము కాదు. టీకాలు కారణమని 1998లో వెలువడిన వ్యాసమును, అది నమ్మదగినది కాదని తేలి, ప్రచురించిన పత్రికయే 2010లో ఉపసంహరించుకొనెను.

దీనిని పూర్తిగ పోగొట్టు మందు నేటికిని లేదు. ఉన్నదని చెప్పి ధనము గుంజువారు మాత్రము కలరు! మూర్ఛ, నిద్రలేమి వంటివి తోడైనప్పుడు వానికి వైద్యులు మందులిత్తురు. తక్కినదంతయు ఓర్పుతో నేర్పు శిక్షణయే. మాటలాడలేని బిడ్డ బొమ్మల పలకలు చూపి తన కోరిక తెలుపుట నేర్చును. బొత్తాము పెట్టుకొనుట, అన్నము కలుపుకొనుట వంటి పనులను చిన్న చిన్న మెట్లుగా విడదీసి నేర్పుదురు. ఆనాటి పనులను వరుసగా బొమ్మలలో గోడపై ఉంచినచో, తరువాత నేమి జరుగునో తెలిసి బిడ్డ కలవరపడడు. తల్లిదండ్రులను ప్రక్కకు నెట్టక, వారికిని శిక్షణనిచ్చి తోడు చేసికొనుట మేలని అమెరికాలో ఎరిక్ షోప్లర్ చూపెను. 1991లో ఢిల్లీలో ఒక తల్లి ప్రారంభించిన సంస్థయు తల్లులకు, బిడ్డలకు కలిపి శిక్షణ నిచ్చుచున్నది. ఇవన్నియు ఎంత చిన్న వయసున మొదలిడిన అంత మేలు.

తెలుగునాట సికింద్రాబాదులోని మనోవికాసనగరమున 1984లో జాతీయ సంస్థ యొకటి వెలసెను. బుద్ధివికాసము మందగించిన పిల్లలకు శిక్షణయు, వారికి బోధించు ఉపాధ్యాయులకు తరిఫీదును అక్కడ లభించును. మండలములలో భవిత కేంద్రములు కలవు. 1999 నాటి చట్టముచే ఏర్పడిన నేషనల్ ట్రస్టు, ఇట్టివారికి పదునెనిమిదేండ్లు నిండిన పిదప సంరక్షకులను నియమించు ఏర్పాటు చేసినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును పేర్కొని, బడిలో చోటును హక్కుగా చేసినది. చట్టము చోటు నిచ్చును. ప్రక్క బల్లపై కూర్చుండువాడు ఎట్లుండునో చట్టమునకు తెలియదు. గంట మ్రోగగానే చెవులు మూసికొను బాలుని చూచి నవ్వు పిల్లలు ఏ బడిలోనైన కొందఱుందురు.

ఫారెస్ట్ ఉన్నతపాఠశాలలో తోడి విద్యార్థులు డొనాల్డును తమలో నొకనిగ చేర్చుకొనిరి. బడిగోడలోని ఇటుకలెన్నియో అతడు ఒక్క చూపున చెప్పెనను మాట ఊరంతయు ప్రాకెను. నిజమో కాదో గాని, అది అతనికి గౌరవము తెచ్చెను. 1958లో అతడు పట్టభద్రుడై తల్లి వంశమువారి బ్యాంకులో ఉద్యోగము చేసెను. ధనమును, పలుకుబడియు గల యిల్లగుటచే ఇది సులభమయ్యెనన్నది నిజమే. కాని ఊరివారి స్నేహము ధనముతో కొన్నది కాదు. డొనాల్డ్ ఇరువదియేడవ యేట కారు నడపుట నేర్చెను, గోల్ఫ్ ఆడెను, ఒంటరిగ పలు దేశములు చూచి వచ్చెను.

అతడు వృద్ధుడైన పిమ్మట ఇద్దఱు పత్రికారచయితలు అతని కథ వ్రాయుటకై ఆ ఊరికి పోయిరి. ఊరివారు వారిని ఆదరించి, అడిగినదెల్ల చెప్పిరి. కాని, డొనాల్డునకు ఏమైన హాని చేసితిరా మిమ్ము విడువమని ఒకరు కాదు, పలువురు వారిని హెచ్చరించిరి. 2023 జూన్ నెలలో, ఎనుబదితొమ్మిదవ యేట, డొనాల్డ్ ఆ ఊరిలోనే కన్నుమూసెను.