గేటు బందు విరిగితే: చిన్న వెల్డింగ్ మిషన్‌తో అతుకు

పొలం గేటు బందు విరిగితే గేటునంతా ఊడదీసి, ట్రాక్టర్‌లో వేసుకుని వెల్డింగ్ షాపుకు మోసుకెళ్లాలి. 200 ఆంపియర్ల చిన్న ఇన్వర్టర్ మిషన్ ఇంట్లో ఉంటే ఆ పని గేటు దగ్గరే అయిపోతుంది. అతుకు గట్టిదనమంతా రాడ్ అంటించక ముందు చేసే పనిలోనే ఉంది.

కావలసినవి: 2.5 మిల్లీమీటర్ల 6013 రాడ్లు, వెల్డింగ్ హెల్మెట్, తోలు గ్లౌజులు, గ్రైండర్, చిప్పింగ్ సుత్తి, వైరు బ్రష్. ఒంటిమీద నూలు బట్టలే ఉండాలి. పాలిస్టర్ నిప్పురవ్వకు కరిగి చర్మానికి అంటుకుంటుంది.

1. కరెంటు: ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ వాడండి. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరుతో వోల్టేజి పడిపోయి రాడ్ మాటిమాటికీ అతుక్కుంటుంది. నేల తడిగా ఉంటే పని మొదలుపెట్టవద్దు. ఎండుగడ్డి దూరంగా జరిపి, బకెట్ నీళ్లు దగ్గర పెట్టుకోండి.

2. శుభ్రం: రంగు, తుప్పు, గ్రీజు పోయి ఇనుము తెల్లగా మెరిసేదాకా గ్రైండర్ పట్టండి. ఎర్త్ క్లాంప్ పెట్టే చోటా అంతే. జీఐ పైపైతే పైనున్న జింకు పూత తీసేయాలి. జింకు కాలిన పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

3. టాక్ (ముందుగా వేసే చుక్క అతుకు): దళసరి యాంగిల్ అయితే విరిగిన అంచులను ఏటవాలుగా అరగదీయండి. మిషన్‌ను 75-80 ఆంపియర్లకు పెట్టి, బందుకు రెండు వైపులా చిన్న చుక్కలు వేయండి. గేటు తిప్పి చూడండి. అతుకు చల్లారేటప్పుడు ఇనుమును లాగుతుంది కాబట్టి వంకర ఇప్పుడే సరిచేయాలి.

4. అతుకు: అగ్గిపుల్ల గీసినట్టు రాడ్ గీయండి. రాడ్ మందమంత ఎడంలోనే కొనను నిలపండి. చూపు వెలుగు మీద పెట్టకండి, దాని వెనక కరిగిన ఇనుప మడుగు మీద పెట్టండి. మడుగు రెండు అంచులనూ తడుపుతూ సాగాలి. చిటపట ఆగకుండా సన్నగా వినిపిస్తే చెయ్యి సరిగ్గా ఉన్నట్టే. రవ్వలు ఎక్కువగా చిమ్మితే రాడ్ దూరమైనట్టు. పలచని పైపైతే ఆంపియర్లు తగ్గించి, ఆగి ఆగి పొట్టి అతుకులు వేయండి, లేదంటే చిల్లు పడుతుంది.

5. చివరి పని: కళ్లద్దాలు పెట్టుకుని అతుకు మీద పేరుకున్న చిట్టెం కొట్టేయండి. లోపల బొక్కలు కనిపిస్తే అరగదీసి మళ్లీ వేయండి. నీళ్లు చల్లకుండా దానంతటదే చల్లారనిచ్చి, రెడ్ ఆక్సైడ్ పూయండి.

ఖాళీగా ఉన్నా సరే, డీజిల్, పెట్రోలు డ్రమ్ములకు వెల్డింగ్ పెట్టవద్దు. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. ట్రాక్టర్ మీద పనైతే ముందు బ్యాటరీ వైర్లు తీసేయండి. చూడటానికి వచ్చిన పిల్లలను దూరంగా పంపండి. గేట్లు, కొక్కేలు, పశువుల పాక కమ్మీలు మీరే చేసుకోవచ్చు. ట్రాలీ హుక్కు, స్టీరింగ్ రాడ్డు లాంటివి మాత్రం అనుభవమున్న వెల్డర్‌కే అప్పగించండి. అక్కడ అతుకు ఊడితే ప్రాణాలే పోతాయి.